నిరుద్యోగి ఎవరు? ఒక అంకె చుట్టూ డెబ్భై ఏళ్ల చర్చ

తెలుగులో ‘నిరుద్యోగి’ అన్న మాటను డిగ్రీ చదివి కొలువు దొరకని యువకుడికే వాడతాం. మదనపల్లె టమోటా మార్కెట్ యార్డులో సరుకు తక్కువొచ్చి పొద్దున్నే ఖాళీగా కూర్చున్న హమాలీని ఎవరూ నిరుద్యోగి అనరు. ‘ఈ రోజు పని లేదు’ అంటారు, అంతే. పుంగనూరు పక్కన పల్లెలో రెండు ఆవుల పాలు పిండి కేంద్రంలో పోసే ఇల్లాలిని ఏం పని చేస్తావమ్మా అని అడిగితే ‘ఏం పనీ లేదు, ఇంట్లోనే ఉంటా’ అంటుంది. కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరే మనిషికి పని ఉంది. కాకపోతే అతను ఆంధ్రప్రదేశ్ లెక్కలో కార్మికుడు, అతని శ్రమ ఫలితం మాత్రం కర్ణాటక ఆదాయంలో కలుస్తుంది.

ఈ ముగ్గురినీ ఒకే ప్రశ్నపత్రంతో అడిగి, వచ్చిన జవాబులను కోట్ల మందికి పెంచి, చివరికి ఒక్క శాతంగా చెప్పేదే దేశపు నిరుద్యోగ రేటు. ప్రభుత్వాలు దాన్ని చూపించి గర్వపడతాయి, ప్రతిపక్షాలు దాన్నే చూపించి నిలదీస్తాయి, ఆర్థికవేత్తలు దానిమీద నమూనాలు కడతారు. ఆ నమూనాల మధ్య చర్చ ఇప్పుడు ఎంత చిక్కుపడిందంటే, ఎవరు దేని గురించి వాదిస్తున్నారో సామాన్య పాఠకుడికి అందడం లేదు. ఒక్కో పోగూ విడదీసి చూస్తే, సమీకరణాల తగాదాగా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం ఆ సమీకరణాల కంటే ముందే, ఇంటి గుమ్మంలో సర్వేయరు అడిగే ప్రశ్న దగ్గరే మొదలైందని తెలుస్తుంది.

లెక్క మొదలైన తీరు

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నిరుద్యోగానికి దొరికిన ఆధారం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి రిజిస్టరే. ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలంటూ 1959లో చట్టం వచ్చింది. అయినా ఆ రిజిస్టరు చదువుకున్నవాళ్ల జాబితాగానే మిగిలిపోయింది. ఉద్యోగం దొరికినవాడు పేరు కొట్టేయించుకోడు, కూలికి పోయేవాడు అసలు రాయించుకోడు. 1955లో జాతీయ నమూనా సర్వే తన తొమ్మిదో విడతలో ఉపాధి గురించి ఇల్లిల్లూ తిరిగి అడగడం మొదలుపెట్టింది. జనగణన అంకెలు ఇంకో దారిలో నడిచాయి. పని చేసేవారంటే ఎవరన్న నిర్వచనం 1961కీ 1971కీ మధ్య మారేసరికి, ఆ పదేళ్లలో దేశంలో పనిచేసే ఆడవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించింది. పొలాల్లో నాట్లు ఆగలేదు, కలుపులూ ఆగలేదు. మారింది ప్రశ్న ఒక్కటే.

తొలి ప్రణాళికల్లో లెక్క ఇలా ఉండేది: ఇప్పటికే పేరుకుపోయిన నిరుద్యోగులు ఇంతమంది, ఐదేళ్లలో కొత్తగా పనికి వచ్చేవాళ్లు ఇంతమంది, ప్రణాళిక కల్పించే పనులు ఇన్ని, మిగిలేది ఇంత. ఈ కూడికలూ తీసివేతల్లో పస ఎంతుందో తేల్చమని 1968లో ఎం.ఎల్. దంత్వాలా అధ్యక్షతన నిపుణుల సంఘం వేశారు. 1970లో వచ్చిన నివేదిక సూటిగా చెప్పింది: సొంత సేద్యం, కూలి, ఇంటి వృత్తి కలగలిసిన దేశంలో శ్రమను ఒకే రాశిగా పోసి అందులోంచి నిరుద్యోగాన్ని ఒకే అంకెగా తీయడం అర్థం లేని పని. ఈ చర్చ మొత్తంలో అంత నిజాయతీగా వచ్చిన తీర్పు ఇంకొకటి లేదు. దాన్ని ఆ తర్వాత అందరూ గౌరవించారు, అందరూ మరిచిపోయారు.

ఆ నివేదిక ఫలితంగా 1972-73లో 27వ విడత సర్వేలో మూడు కొలతలు వచ్చాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారన్నది ఒకటి. గడిచిన వారం ఏం చేశారన్నది రెండోది. ఆ వారంలో రోజురోజూ, పూటపూటా ఏం చేశారన్నది మూడోది. 2011-12 దాకా దాదాపు ఐదేళ్లకోసారి పెద్ద సర్వేలు ఇలాగే నడిచాయి. 2017లో వాటి స్థానంలో పీఎల్ఎఫ్ఎస్ అనే నిరంతర సర్వే మొదలైంది. 2025 జనవరి నుంచి దాన్ని మళ్లీ మార్చి, నెలనెలా అంకె ఇస్తున్నారు. ఆ నెలవారీ అంకె వారపు కొలతదే. పత్రికలు దాన్ని పాత వార్షిక అంకె పక్కన పెట్టి ‘పెరిగింది’ అనో ‘తగ్గింది’ అనో రాయడం సరికాదు.

ఒకే మనిషి, ఒకే వారం

ఈ కొలతల తేడా సిద్ధాంతంగా చెబితే ఎక్కదు. పుంగనూరు దగ్గర ఒక ఇల్లాలి వారాన్ని ఊహించి లెక్క వేసి చూద్దాం. ఆమె వారంలో రెండు రోజులు పక్క రైతు పొలంలో ఆరేసి గంటలు టమోటా కోతకు పోయింది. మిగతా ఐదు రోజులూ పిలుపు రాలేదు. ఆ రోజుల్లో పాలు పిండటానికి, మేత వేయడానికి రోజుకు రెండు గంటలు పట్టింది. పాలు కేంద్రంలో పోసింది కాబట్టి అదీ సంపాదన పనే.

వారపు కొలతలో ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా చాలు, పని ఉన్నట్టే. ఆమె నిరుద్యోగి కాదు. రోజువారీ కొలత వేరు. నాలుగు గంటలు, అంతకు మించి చేస్తే పూర్తి రోజు పని, గంట నుంచి నాలుగు గంటల లోపైతే అరరోజు పని. మిగతా అరరోజు పని చేయడానికి సిద్ధంగా ఉండి దొరకకపోతే అది అరరోజు నిరుద్యోగం. ఆమె అన్నీ చెప్పి, ‘పని దొరికితే పోతాను’ అంటే వారంలో నాలుగున్నర రోజులు పని, రెండున్నర రోజులు నిరుద్యోగం. అంటే సుమారు 36 శాతం. ఆవుల సంగతి చెప్పడం మరిచిపోయిందనుకోండి, రెండు రోజులు పని, ఐదు రోజులు నిరుద్యోగం, 71 శాతం. ఆవుల సంగతి చెప్పకుండా, మిగతా రోజులకు ‘ఇంటిపని చూసుకున్నా’ అని ఊరుకుంటే ఆ ఐదు రోజులూ శ్రామిక లెక్కలోంచే తొలగిపోతాయి, నిరుద్యోగం సున్నా.

ఒకే వారం, ఒకే చెమట. సున్నా, 36, 71. ఏ రిగ్రెషన్ వేయకముందే ఇంత తేడా.

దేశస్థాయిలో కూడా ఇదే జరుగుతుంది. 2011-12లో ఏడాది కొలతలో నిరుద్యోగం 2.2 శాతం, వారపు కొలతలో 3.7, రోజువారీ కొలతలో 5.6. అప్పట్లో ఏ వాదానికి ఏ అంకె కావాలో ఆ అంకె దొరికింది. ఏడాది కొలతకు ఇంకో స్వభావం ఉంది, అది మొద్దుబారినది. 2019 జులై నుంచి 2020 జూన్ వరకు, అంటే లాక్‌డౌన్ నెలలు కూడా కలిసిన ఏడాదిలో, ఆ కొలత ప్రకారం నిరుద్యోగం అంతకు ముందు ఏడాది 5.8 నుంచి 4.8 శాతానికి తగ్గింది. అదే సర్వే వారపు కొలతలో 2020 ఏప్రిల్-జూన్ మధ్య పట్టణాల నిరుద్యోగం దాదాపు 21 శాతం. ఈ రెండు అంకెలూ ఒకే సంస్థవి, రెండూ తమతమ నిర్వచనాల ప్రకారం సరైనవే.

దాగిన శ్రమ: మొదటి పెద్ద తగాదా

సర్వేలు కుదురుకోకముందే సిద్ధాంతం ఒక పెద్ద మాట అనేసింది. పేద దేశాల పల్లెల్లో అవసరానికి మించి మనుషులున్నారు, కొందరిని తీసేసినా పంట తగ్గదు, వాళ్లను పరిశ్రమకు మళ్లిస్తే అదే అభివృద్ధి అని నర్క్స్ 1953లోనూ, ఆర్థర్ లూయిస్ 1954లోనూ వాదించారు. మన పాఠ్యపుస్తకాల్లో ‘ప్రచ్ఛన్న నిరుద్యోగిత’ అని చెప్పేది ఈ భావననే.

దీన్ని అంకెలతో పరీక్షించాలని థియొడర్ షుల్జ్ 1964లో మన దేశ చరిత్రనే తీసుకున్నాడు. 1918-19 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో కోటి మందికి పైగా పోయారు. మనుషులు నిజంగా మిగులైతే సాగు విస్తీర్ణం తగ్గకూడదు. తగ్గింది కాబట్టి మిగులు శ్రమ లేదన్నాడు. 1967లో అమర్త్య సేన్ దీన్ని ఎదుర్కొన్నాడు. మహమ్మారిలో మొత్తం కుటుంబాలు పోవడం, ప్రణాళిక ప్రకారం కుటుంబానికి ఒకరు పట్నానికి పోవడం ఒకటి కాదు. ఉన్నవాళ్లు పోయినవాళ్ల పని పంచుకోగలిగితేనే మిగులు శ్రమ అన్న మాటకు అర్థం అన్నాడు. ఆధారం తెలివైనదే అయినా అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదని తేల్చిన తీరు ఈనాటి పరిశోధకులకూ పాఠమే.

1970లలో దృష్టి మనిషి మీదికి మళ్లింది. రాజ్‌కృష్ణ 1973లో నాలుగు గీటురాళ్లు చూపించాడు: పనిచేసే కాలం, వచ్చే ఆదాయం, ఇంకా పనిచేసే సుముఖత, పని ఉత్పాదకత. సేన్ 1975లో పనికి మూడు ముఖాలన్నాడు: ఆదాయం, ఉత్పత్తి, తనకు పని ఉందన్న గుర్తింపు. మదనపల్లె శివారు నీరుగట్టువారిపల్లెలో పట్టు నేసే కుటుంబాన్ని ఈ గీటురాళ్లతో చూడండి. మగ్గం మీద కూర్చున్నవాడికి గంటలకు కొదవ లేదు. కాలం ప్రకారం అతనికి పూర్తి పని ఉంది, ఆదాయం ప్రకారం చాలాసార్లు లేదు. ముడిసరుకూ డిజైనూ మాస్టర్ వీవర్‌వి అయి, చీరకింత అని కూలి అందుకునే నేతగాడు సర్వేలో ‘స్వయం ఉపాధి’ కింద పడిపోవచ్చు. కండెలు చుట్టే భార్య, అచ్చు అతికే తల్లి ‘కుటుంబ సహాయకులు’, వేతనం లేనివాళ్లు. నిరుద్యోగ రేటు ఈ ఇంటి గురించి చెప్పగలిగింది ఏమీ లేదు. అక్కడ నిరుద్యోగులు ఎవరూ లేరు, చాలీచాలని బతుకు మాత్రం ఉంది.

నమూనాలు కట్టినవాళ్లు

దేశం మొత్తాన్ని సమీకరణాల్లో చూసే పద్ధతి టిన్‌బర్గెన్‌తో మొదలైంది. ఆయన ప్రభావంలో ఎన్.వి.ఎ. నరసింహం భారత్‌కు కట్టిన స్వల్పకాలిక ప్రణాళికా నమూనా 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. మన దేశపు తొలి స్థూల ఎకనామెట్రిక్ నమూనాగా దాన్ని చెప్పుకుంటారు. ఆ తర్వాత కె. కృష్ణమూర్తి, వి. పండిట్ వంటివారు నమూనాలను చాలా దూరం తీసుకుపోయారు. ధరలు, ద్రవ్యం, పెట్టుబడి, వ్యవసాయం వీటిలో బాగా అమరాయి. శ్రమ మాత్రం సవతి బిడ్డే అయింది. ఏటా వచ్చే నమ్మకమైన ఉపాధి అంకె లేకపోవడంతో, ఉత్పత్తి ఇంత పెరిగితే ఉపాధి ఇంత పెరుగుతుందన్న వ్యాకోచత్వ గుణకంతో సరిపెట్టుకున్నారు. అమెరికాలో నిరుద్యోగానికీ ఉత్పత్తికీ మధ్య ఓకన్ 1962లో చూపించిన బంధం ఇక్కడ బలహీనంగానే కనిపిస్తుంది. నిరుద్యోగ భృతి లేని చోట పని పోయినవాడు ఖాళీగా ఉండలేడు. తోపుడు బండో, సేద్యమో, ఏదో ఒకటి పట్టుకుంటాడు. మాంద్యం వచ్చిందంటే ఇక్కడ రేటు కంటే ముందు ఆదాయం పడిపోతుంది.

కుటుంబాల స్థాయి నమూనాల్లో మనవాడి పాత్ర పెద్దది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి షికాగోలో డాక్టరేట్ చేసిన జి.ఎస్. మద్దాల (1933-1999) ఈ రంగంలో ప్రపంచమంతా చదివే రచయిత. పని చేస్తారా లేదా అన్నట్టు అవును-కాదుల్లో ఉండే జవాబులను విశ్లేషించే లాజిట్, ప్రాబిట్ వంటి పద్ధతుల మీద 1983లో ఆయన రాసిన గ్రంథం ఇప్పటికీ ఆధారం. ఈ పద్ధతుల్లో ఒక చిక్కు ఉంది. కూలి రేటు పనికి పోయినవాళ్లకే తెలుస్తుంది. పోనివాళ్లకు ఎంత వచ్చేదో తెలియదు, వాళ్లు పోకపోవడం యాదృచ్ఛికమూ కాదు. దీన్ని సరిదిద్దే దారిని హెక్‌మన్ 1979లో చూపించాడు. ఆడవాళ్ల శ్రమ మీద మన దేశంలో వచ్చిన పరిశోధనలన్నీ దాదాపు ఈ ఇద్దరి భుజాల మీద నిలబడినవే.

కూలి పెరిగితే పని తగ్గుతుందా, పని పెరిగితే కూలి పెరుగుతుందా అన్నది ఇంకా పాత చిక్కు. రెండూ ఒకేసారి తేలతాయి కాబట్టి ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని విడదీయడానికి బయటి కుదుపు కావాలని హావెల్మో 1943లోనే చెప్పాడు. మదనపల్లె టమోటా అలాంటి కుదుపులా కనిపిస్తుంది. 2023 జులై చివర్లో ఇక్కడ కిలో 200 రూపాయల దాకా పోయింది. ఇంకో సీజన్‌లో కోత కూలి కూడా రాదని కాయను చెట్టుమీదే వదిలేస్తారు. ఎక్కడో వేరే రాష్ట్రంలో పడ్డ వాన వల్ల ఇక్కడ ధర ఎగిరితే, కూలికి గిరాకీ పెరిగిందని, దాని ప్రభావం కొలవొచ్చని అనిపిస్తుంది. కానీ ఆ ధర రైతు చేతిలో డబ్బును కూడా పెంచుతుంది. ఆ రైతు భార్య కూలికి పోవడం మానేయొచ్చు. కాబట్టి కుదుపు ఒక్క దారిలోనే పని చేయలేదు. వాననూ ధరలనూ ఇలాంటి బయటి కుదుపుగా వాడే పరిశోధనలన్నిటికీ ఈ ప్రశ్న వేసి తీరాలి.

2017 తర్వాతి అంకెల యుద్ధం

పీఎల్ఎఫ్ఎస్ తొలి నివేదిక 2017-18కి 6.1 శాతం నిరుద్యోగం చూపించింది. దాన్ని ఆపి ఉంచారన్న వివాదంలో 2019 జనవరిలో జాతీయ గణాంక సంఘం నుంచి పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. నివేదిక అదే ఏడాది మే 31న వెలువడింది. గణాంక వ్యవస్థ మీద నమ్మకానికి అప్పుడు పడ్డ దెబ్బ ఇంకా పూర్తిగా మానలేదు.

ఆ తర్వాత రేటు దిగుతూ వచ్చి 2023-24 నాటికి 3.2 శాతమైంది. అదే కాలంలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామిక భాగస్వామ్యం 23.3 నుంచి 41.7 శాతానికి ఎగబాకింది. ఇక్కడ పండితులు రెండుగా చీలిపోయారు. గ్యాస్, నీళ్లు, కరెంటు ఇంటికొచ్చి ఆడవాళ్లకు సమయం చిక్కింది, అప్పులు దొరికాయి, పని పెరిగింది అని ఒక పక్షం అంటుంది. కష్టకాలంలో సొంత పొలానికో కొట్టుకో మళ్లారు, సర్వే కూడా మునుపటికంటే జాగ్రత్తగా అడుగుతోంది, అంతే అని ఇంకో పక్షం అంటుంది. నాకు రెండో పక్షం వాదనే బలంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇదే కాలంలో స్వయం ఉపాధిలో ఉన్నవారి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది, నెలజీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7కు తగ్గింది, 2018-19లో 42.5 శాతంగా ఉన్న వ్యవసాయ వాటా 46.1 అయింది. అభివృద్ధి చెందుతున్న దేశంలో మనుషులు మళ్లీ సేద్యంలోకి రావడం లూయిస్ దారికి పూర్తిగా ఎదురు నడక.

సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ సర్వే చిత్రాన్ని ఇంకా జటిలం చేసింది. దాని లెక్కలో ఆడవాళ్ల భాగస్వామ్యం పది శాతం చుట్టూనే తిరుగుతుంది. అది ఆ రోజు స్థితిని అడుగుతుంది, పాలు పిండే పనిలాంటివి దాని చేతికి చిక్కవు. ఆ సర్వే ఇళ్లను ఎంచుకునే తీరులో పేదలు తప్పిపోతున్నారని 2021లో జ్యాఁ ద్రేజ్, అన్మోల్ సోమంచి చూపించారు. అయినా 2020 ఏప్రిల్‌లో ఆ సంస్థ చెప్పిన 23.5 శాతం, ప్రభుత్వ సర్వే వారపు కొలతలో ఆ త్రైమాసికానికి పట్టణాల్లో వచ్చిన 21 శాతం ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించాలి. పెద్ద కుదుపును రెండూ పట్టుకున్నాయి. మామూలు రోజుల్లో నెమ్మదిగా జరిగే మార్పు దగ్గరే రెండింటికీ పొసగదు.

చట్టం, హామీ పని

తయారీ రంగంలో ఉద్యోగాలు పెరగకపోవడానికి కార్మిక చట్టాలే కారణమన్న వాదానికి ఊపిరి పోసింది 2004లో బెస్లీ, బర్జెస్ రాసిన పత్రం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి రాష్ట్రాలు చేసిన సవరణలను కార్మికుల వైపు, యజమానుల వైపు అని విభజించి, కార్మికుల వైపు మొగ్గిన రాష్ట్రాల్లో నమోదైన పరిశ్రమలు వెనకబడ్డాయని తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌ను యజమానుల వైపు చేర్చారు. ఒక్క సవరణతో గుజరాత్ కార్మికుల వైపు ఎలా పడిందని ఆదిత్య భట్టాచార్జియా నిలదీశాక ఆ విభజన బలం తగ్గింది. మగ్గాలు, పాల కేంద్రాలు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల మధ్య బతికే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఆ చట్టం కిందకు వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. ఈ చర్చలో వెచ్చించిన సిరాకూ, అది తాకిన జనానికీ పొంతన లేదు.

ఉపాధి హామీ సంగతి వేరు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని దేశానికి ప్రారంభించింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ముందు అమలైన జిల్లాల్లో ప్రైవేటు కూలి పెరిగిందని ఇంబెర్ట్, ప్యాప్ 2015లో చూపించారు. అంతకంటే గట్టి ఆధారం ఉమ్మడి రాష్ట్రం నుంచే వచ్చింది. స్మార్ట్‌కార్డులతో కూలి చెల్లింపు మెరుగుపరిచే పనిని లాటరీ పద్ధతిలో కొన్ని మండలాలకు ముందు, కొన్నిటికి తర్వాత ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాలను పోల్చి 2023లో ప్రచురించిన ఫలితం ఇది: లబ్ధి పొందిన కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం బయటి నుంచే వచ్చింది. చేతిలో ఇంకో పని ఉందన్న ధైర్యంతో కూలీలు పొలం యజమానితో బేరమాడగలిగారు. కడప, అనంతపురం ఆ అధ్యయనంలో ఉన్నాయి, చిత్తూరు లేదు.

ఇలాంటి పోలిక మదనపల్లెకు కొత్తేమీ కాదు. 1950లలో ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ ఏళ్ల తరబడి గమనించి పోల్చారు. ఆ పత్రాలు ఇప్పటికీ వైద్య గ్రంథాల్లో ఉదాహరణలు. క్షయ విషయంలో అంత ఓపికతో లెక్క కట్టిన నేలలో పని విషయంలో అలాంటి దీర్ఘకాల అధ్యయనం లేకపోవడం లోటే.

చదువుకున్నవాళ్ల ఎదురుచూపు

తెలుగులో నిరుద్యోగి అంటే ఎవరో ఆ మనిషి దగ్గరికి మళ్లీ వస్తే, అంకెలు కూడా అతని వైపే చూపిస్తాయి. పాతికేళ్ల లోపు పట్టభద్రుల్లో 42 శాతానికి పైగా నిరుద్యోగులని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023 నివేదిక చెప్పింది. పేదలు ఖాళీగా ఉండలేరు, కుటుంబం ఆసరా ఉన్నవాళ్లే ఎదురు చూడగలరు అన్న పాత వాదన ఇక్కడ పనికొస్తుంది, కానీ అది సగమే. 2001-06 మధ్య తమిళనాడు ప్రభుత్వ నియామకాలు నిలిపివేసినప్పుడు పట్టభద్రులు ఆశ వదులుకుని ప్రైవేటుకు మళ్లలేదని, ఇంకా ఎక్కువ కాలం చదువుతూ కూర్చున్నారని కునాల్ మంగళ్ పరిశోధన తేల్చింది. కుప్పం ఆ రాష్ట్ర సరిహద్దులోనే ఉంది, ఇక్కడా ఎదురుచూపు అంతే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు 3 లక్షల 30 వేలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. ఒక కొలువుకు ఇరవై మంది. వీళ్లలో పందొమ్మిది మంది మళ్లీ నోటిఫికేషన్ దాకా ఏ ఖాతాలో ఉంటారన్నది నమూనాకు పెద్ద సవాలు. వాళ్లు ‘వెతుకుతున్నవారా’, ‘చదువుకుంటున్నవారా’? సర్వేయరు రాసుకున్న ఒక్క కోడ్ అంకెతో యువత నిరుద్యోగ రేటు ఎటైనా ఊగుతుంది.

సరిహద్దు దాటే శ్రమ

ఈ సమీక్షలో అతి తక్కువ పని జరిగిన చోటు ఇదే, కుప్పం వంటి ఊళ్లకు అతి ముఖ్యమైనదీ ఇదే. హారిస్, టొడారో 1970లో కట్టిన ప్రసిద్ధ నమూనాలో పల్లె మనిషి పట్నానికి తరలిపోయి, మంచి ఉద్యోగం కోసం అక్కడే నిరుద్యోగిగా కాచుకుంటాడు. కుప్పం మనిషి అలా కాచుకోడు. రాత్రికి ఇంటికొస్తాడు, పని లేని రోజు రైలెక్కడు. 2001 ఫిబ్రవరి చివర కోలార్ బంగారు గనులు మూతపడ్డాక ఆ చుట్టుపక్కల జనం కూడా ఇదే రైలు దారి పట్టారు. పట్నం నిరుద్యోగం ఇక్కడ పల్లె ఇంట్లో కూర్చుంటుంది. ఉత్పత్తి కర్ణాటకలో, ఉపాధి ఆంధ్రలో నమోదైతే రెండు రాష్ట్రాల వ్యాకోచత్వ గుణకాలూ తప్పుతాయి. రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్లయితే నెలల తరబడి ఇంట్లో ఉండరు కాబట్టి సర్వే జాబితాలోనే ఉండరు. వాళ్లు పంపే డబ్బు మాత్రం ఇంట్లో మిగతావాళ్లు కూలికి పోవాలా వద్దా అన్నది నిర్ణయిస్తుంది.

2025 నుంచి పీఎల్ఎఫ్ఎస్ జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకుంది. ఇది స్వాగతించాల్సిన మార్పు. కానీ దాని హద్దు తెలియాలి. దేశంలో 2,72,304 ఇళ్లంటే జిల్లాకు సగటున 350. ఇంటికి ఒకటిన్నర మంది పనివాళ్లనుకుంటే 525 మంది. నిజమైన నిరుద్యోగం 5 శాతమైతే ఆ నమూనాలో దొరికే నిరుద్యోగులు పాతికమంది. అంత చిన్న గుంపుతో వచ్చే అంకె మూడు నుంచి ఏడు శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, ఒకే ఊరిలోని ఇళ్లు ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంకా వెడల్పుగా కూడా. పైగా 2022 ఏప్రిల్ పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే ఉన్నాయి. పాత జిల్లా అంకెలతో కొత్తవాటిని పోల్చే దారి తెగిపోయింది. వీటన్నిటినీ జనాభాకు పెంచే గుణకాలు ఇంకా 2011 జనగణన అంచనాల మీదే నిలబడ్డాయి.

కాబట్టి ఒక్క రేటుతో ప్రభుత్వాన్ని మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే. రేటు పక్కన పనిచేసిన గంటలు, చేతికొచ్చిన కూలి, పనిచేసిన చోటు ఏ జిల్లాలో ఏ రాష్ట్రంలో ఉంది అన్న మూడూ జిల్లావారీగా ప్రచురించాలి. వీటిలో మొదటి రెండూ సర్వే ఇప్పటికే అడుగుతోంది, మూడోదాన్ని చేర్చడం కష్టమేమీ కాదు. ఒక్క అంకె చాలదని దంత్వాలా సంఘం 1970లోనే చెప్పింది.

జనగణన 2027 ఫిబ్రవరిలో జరగనుంది. రాబోయే పదేళ్ల ఉపాధి లెక్కలన్నిటికీ అదే పునాది. గణకుడు మీ గుమ్మం ముందుకు వచ్చి ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగినప్పుడు, మీ ఇంటి ఆడవాళ్లను కూడా పిలిచి వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి. పాల పని, కండెల పని, కోత పని, బెంగళూరు పని, ఏదీ వదలకుండా రాయించండి.